హిల్ స్టేషన్‌కి అనుకుని హంసలదీవి చేరాం

ముందుగా ఒక మాట. నేను సీఎస్ఈ రెండో సంవత్సరం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగు చదవడం వచ్చు గానీ, రాయడం ఈ క్లబ్బులో చేరాకే మళ్ళీ మొదలుపెట్టాను. తప్పులుంటే సరిదిద్దండి, నవ్వుకున్నా పర్లేదు. యాత్ర గురించి రాద్దామని కూర్చుంటే ఇది పాఠంలా తయారైంది. ఓపిగ్గా చదవండి, లెక్కలు తేలికవే.

ప్లాన్ ఎలా మారిందంటే

మిడ్ పరీక్షలు అవగానే మూడు రోజులు సెలవులొచ్చాయి. క్లాసులో సగం మంది అరకు టికెట్లు తీసేసుకున్నారు. మేమిద్దరం లంబసింగి అనుకున్నాం. ఖర్చులు కాగితం మీద రాసి కూడితే ఇద్దరి జేబులూ కలిపినా సగానికి కూడా రాలేదు.

అప్పుడు మావాడు అన్నాడు: "ఒరేయ్, హిల్ స్టేషన్‌కి మనం వెళ్ళలేకపోతే పోయింది. హిల్ స్టేషన్‌లో పుట్టిన నది మన దగ్గరికే వస్తోందిగా, అది చూద్దాం పద."

వాడు చెప్పింది నిజమే. కృష్ణ పుట్టేది మహారాష్ట్రలోని మహాబలేశ్వర్‌లో. అది పేరున్న హిల్ స్టేషన్. అక్కడ సుమారు 1,337 మీటర్ల ఎత్తులో మొదలై, నాలుగు రాష్ట్రాలు దాటి, దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి మన హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. గుడివాడ నుంచి మాకు అది సుమారు ఎనభై కిలోమీటర్లు. పెట్రోలు, టిఫిను, అంతే ఖర్చు.

పొద్దున్నే అయిదింటికి వాడి స్ప్లెండర్ మీద బయల్దేరాం. పామర్రు, కూచిపూడి దాటి చల్లపల్లిలో టీకి ఆగాం. అక్కడ తెలిసింది, వాడికి ఇంకో పని కూడా ఉందని.

వాడిది కోడూరు మండలంలో ఒక చిన్న ఊరు. అక్కడ వాళ్ళకి ఎకరన్నర వరి పొలం ఉంది. వాళ్ళ నాన్నగారు విజయవాడలో ఉద్యోగం చేస్తారు. ఊళ్ళో మామ్మగారు ఒక్కరే ఉంటారు. చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటీ రొయ్యల చెరువులైపోతున్నాయి. వీళ్ళ పొలాన్ని కూడా లీజుకి అడుగుతున్నారు. సార్వా కోతలు అయ్యేలోపు అవునో కాదో చెప్పాలి. మామ్మగారు వద్దంటున్నారు. నాన్నగారికి తేలడం లేదు. "నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఒకసారి వెళ్ళి చూసి చెప్పరా" అన్నారట.

"మనం చదివేది జావా కదరా" అన్నాను. "ఆయన దృష్టిలో అంతా ఒకటే" అన్నాడు. బ్యాగులోంచి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న టీడీఎస్ మీటరు తీసి చూపించాడు. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది.

కాబట్టి ఇక్కణ్ణుంచి మా ప్రశ్న ఒక్కటే. ఈ నేల ఎలా తయారైంది, ఇకమీదట ఎలా ఉంటుంది?

మొదటి లెక్క: వాలు

1,337 మీటర్ల ఎత్తుని 1,400 కిలోమీటర్లతో భాగిస్తే, సగటున కిలోమీటరుకి ఒక మీటరు కూడా దిగదు. కానీ ఈ దిగడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర నిల్వ నీటిమట్టం సముద్రమట్టానికి 57 అడుగులు, అంటే సుమారు 17 మీటర్లు. అక్కడి నుంచి సముద్రానికి తొంభై కిలోమీటర్లు వేసుకుంటే, కిలోమీటరుకి 20 సెంటీమీటర్ల లోపే. మన హాస్టల్ మెట్టు కంటే కాస్త ఎక్కువ, అంతే. కిలోమీటరు నడిస్తే ఒక్క మెట్టు దిగినట్టు.

వేగంగా వెళ్ళే నీరు మట్టిని మోసుకెళ్తుంది. నెమ్మదించిన నీరు మోయలేక దించేస్తుంది. ముందు ఇసుక దిగుతుంది, తర్వాత ఒండ్రు. కడవల్లో నీళ్ళు పోసి ఉంచితే అడుగున పేరుకున్నట్టే. దక్కన్ పీఠభూమిని కోసుకుంటూ తెచ్చిన మట్టిని కృష్ణ ఈ చివర్లో వేల ఏళ్ళపాటు దించుతూ వచ్చింది. ఆ దించిన చోటే డెల్టా. ఒకచోట ఎక్కువ పేరుకుంటే నదికి తన మట్టే అడ్డమవుతుంది. అప్పుడు చీలి పక్కదారి పడుతుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ అలాగే రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ.

అంటే మేం కొండకి వెళ్ళలేకపోయినా, కొండ కొంచెం కొంచెంగా మా దగ్గరికి వచ్చి పరుచుకుని ఉంది. మా బండి దాని మీదే నడుస్తోంది.

రెండో పాఠం: ఊరి పేర్లు

బండి వెనక కూర్చున్నవాడికి బోర్డులు చదవడం తప్ప పనేముంటుంది? నాగాయలంక, అవనిగడ్డ, పులిగడ్డ, ఏటిమొగ, పాలకాయతిప్ప, హంసలదీవి. ఇవి ఇన్నాళ్ళూ నాకు వట్టి పేర్లు. మావాడు ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు.

లంక అంటే నదిలో తేలిన దీవి. గడ్డ అంటే నేల, నీళ్ళ మధ్య కాలు మోపే చోటు. తిప్ప అంటే ఇసుక మేట. మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. దీవి అందరికీ తెలిసిందే. నాకు దివి అంటే స్వర్గం అని మాత్రమే తెలుసు. దీవి అనే అర్థం కూడా ఉందనీ, దివిసీమలోని దివి అదేననీ ఆరోజే తెలిసింది. పక్కనున్న మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. బందర్ అంటే పారశీకంలో రేవు.

ప్రోగ్రాం రాసేటప్పుడు వేరియబుల్‌కి అర్థం ఉన్న పేరు పెట్టమని మా మేడమ్ రోజూ చెబుతారు. పేరు చూస్తే లోపల ఏముందో తెలియాలట. ఇక్కడి పెద్దవాళ్ళు ఆ పని ఎప్పుడో చేశారు. ఒక్క మ్యాపు లేకపోయినా, ఈ పేర్లు వరసగా చదివితే ఇదంతా నీళ్ళలోంచి లేచిన నేల అని తెలిసిపోతుంది.

చల్లపల్లికి దగ్గర్లోనే ఘంటసాల ఉంది. గాయకుడి ఇంటిపేరుగానే మనకి తెలుసు. కానీ అది పాత బౌద్ధ క్షేత్రం. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు రాసిన రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇప్పుడు ఘంటసాల నుంచి చూస్తే సముద్రం కనిపించదు. తీరం ఇరవై కిలోమీటర్లకి పైనే. రేవు సరిగ్గా సముద్రపు ఒడ్డునే ఉండాలని లేదు, నదిపాయ మీద కూడా ఉండొచ్చు. అయినా ఓడలు వచ్చిపోయిన చోట ఇవాళ వరి పండుతోందంటే, నది ఎంత పని చేసిందో ఊహించుకోండి.

అదే లెక్క తిరగేస్తే

పులిగడ్డ అక్విడక్టు దగ్గర కాసేపు ఆగాం. నదిపాయ మీదుగా వంతెన కట్టి, దాని మీద కాలువ నీళ్ళని దివిసీమకి పంపిస్తారు. కింద ఒక నది, పైన ఒక కాలువ. నేను ఫొటోలు తీస్తుంటే మావాడు ఒక్కడే నది వైపు చూస్తూ నిలబడ్డాడు. "మా తాతయ్య తమ్ముడు ఉప్పెనలో పోయాడు" అన్నాడు. ఇన్నాళ్ళ స్నేహంలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

1977 నవంబర్ 19. ఆ తుపాను, దానితో వచ్చిన ఉప్పెన దివిసీమని ముంచేశాయి. అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. సముద్రం అయిదు మీటర్ల పైచిలుకు ఎత్తున లేచి, పది కిలోమీటర్లకి పైగా లోపలికి వచ్చింది.

ఇందాకటి వాలు లెక్క గుర్తుందా? కిలోమీటరుకి 20 సెంటీమీటర్లు. అయిదు మీటర్ల నీరు అడ్డేమీ లేకపోతే ఆ వాలు మీద ఎంత దూరం రాగలదు? 5ని 0.2తో భాగించండి. 25 కిలోమీటర్లు. చెట్లూ గట్లూ రాపిడీ ఉంటాయి కాబట్టి నిజంగా అంత దూరం రాదు. కానీ ఏ వాలు వల్ల మట్టి ఆగి నేలయ్యిందో, అదే వాలు సముద్రానికి దారి ఇస్తుంది. డెల్టాలో బతకడమంటే ఈ రెండూ కలిపి ఒప్పుకోవడమే.

అందుకే తీరంలో మడ అడవులు ముఖ్యం. వాటి వేళ్ళు బురదని పట్టి ఉంచుతాయి, కెరటం జోరుని తగ్గిస్తాయి. ఇక్కడి మడ అడవుల్ని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉండేది ఇక్కడే.

మట్టి రాకపోతే?

ఇదీ నేను అసలు చెప్పాలనుకున్నది. డెల్టా ఒకసారి తయారై అలా ఉండిపోయే వస్తువు కాదు. కొత్తగా పోసిన మట్టి రోడ్డు ఎలా కుంగుతుందో, ఒండ్రు కూడా తన బరువుకి తానే కుంగుతూ ఉంటుంది. ఏటేటా వరదతో కొత్త మట్టి వచ్చి ఆ లోటు పూడుస్తుంది. ఒకవైపు నది పోస్తుంటే ఇంకోవైపు సముద్రం కోస్తూ ఉంటుంది. నది చేయి ఆగితే, సముద్రం చేయి మాత్రం ఆగదు.

నది చేయి చాలావరకు ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1960ల చివర్లో కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల మట్టిని కిందికి తెచ్చేది. 2000 తర్వాత అది 4 లక్షల టన్నులకి పడిపోయింది. కృష్ణా గోదావరి డెల్టాల తీరం రెండూ కలిపి 1965 నుంచి 2008 మధ్య 76 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాల మీద వచ్చిన ఒక అధ్యయనం, నైలు, యాంగ్జీలతో పాటు కృష్ణని కూడా అతి ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది.

మరి మట్టి ఎక్కడికి పోయింది? డ్యాముల వెనక ఆగింది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు 215 చిల్లర. మిగతాది పూడిక. అదంతా దివిసీమకే వచ్చేదని నేను అనను. కానీ అందులో మన వంతు కూడా ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం. "అయితే డ్యాములు చెడ్డవా?" అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. 1832-33లో ఈ ప్రాంతాన్ని పెద్ద కరువు తినేసింది. ఆ తర్వాతే 1855కల్లా విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగితే, దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ కాలువలు లేకపోతే నేను పొద్దున తిన్న ఇడ్లీ కూడా లేదు. కాబట్టి ఒకరు మంచి, ఒకరు చెడ్డ అనే కథ కాదిది. నీళ్ళని పంచుకునే లెక్క అందరం వేశాం. మట్టి కూడా నదిలో భాగమేనని ఆ లెక్కలో రాసుకోలేదు.

మామ్మగారి టీ

పదిన్నరకి వాళ్ళ ఊరు చేరాం. మామ్మగారు కుర్చీ వేసి, "ఏం నాయనా, మీ అమ్మానాన్నా బాగున్నారా?" అని అడిగి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. మంచినీళ్ళ టిన్ను వంచి గిన్నెలో పోస్తున్నారు. ఇంటి ముందే బోరు ఉంది. "బోరు నీళ్ళు ఉన్నాయి కదా మామ్మగారూ?" అంటే, "వాటితో పెడితే పాలు విరిగిపోతాయి నాయనా" అన్నారు.

మావాడు మాట్లాడకుండా మీటరు తీసి బోరు నీళ్ళలో పెట్టాడు. అంకె రెండు వేలు దాటింది. తాగేనీళ్ళకి 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం.

ఇది ఎందుకు జరుగుతుందంటే, తీరంలో భూమి లోపల మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు పైన ఉంటే, కింద నలభై అడుగుల దాకా మంచినీరు ఉంటుందని ఒక మోటు లెక్క. అంటే పైన ఒక్క అడుగు తగ్గితే, కింద నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. కాలువ చివర ఉండే శివారు భూములకి నీళ్ళు ఆలస్యమైన ఏడాది, నేల మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే ఊట వల్ల ఇంకా తొందరగా తేలుతుంది.

పొలానికి వెళ్ళాం. వరి పొట్ట మీద ఉంది, బాగానే ఉంది. చెరువు వైపున్న గట్టు పక్కన మాత్రం నాలుగైదు అడుగుల వెడల్పున మొక్కలు గిడసబారి, ఆకు చివర్లు ఎండి ఉన్నాయి. మావాడు అక్కడ కూర్చుండిపోయాడు. లీజు డబ్బు వస్తే వాడి ఫీజు కట్టొచ్చు. వాళ్ళ నాన్నగారికి తేలనిది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. రొయ్యలు వేసేవాళ్ళందరూ ఇలాంటి లెక్కలతోనే వేసి ఉంటారు. ఎవరినీ తప్పు పట్టాలనిపించలేదు.

ఇంటికి వచ్చాక అటక మీద ఒక ప్లాస్టిక్ కవరు కనిపించింది. అందులో పాస్‌బుక్కు, రేషన్ కార్డు, పట్టా కాగితాలు. కార్తీకం వచ్చిందంటే మామ్మగారు అవి అటక ఎక్కిస్తారట. నలభై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు. "సముద్రం చెప్పి రాదుగా నాయనా" అన్నారు. అంత భయం ఉండీ ఊరు ఎందుకు వదల్లేదని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడే అన్నారు, "నీళ్ళు తీశాక నాలుగేళ్ళు కడిగాం ఈ పొలాన్ని. కాలువ నీళ్ళు పెట్టడం, వదిలేయడం. పెట్టడం, వదిలేయడం. అప్పుడు పండింది."

ఇంజనీరింగ్ పుస్తకంలో దాన్ని లీచింగ్ అంటారు. ఆవిడ చేత్తో చేశారు.

సంగమం

సాయంత్రం హంసలదీవి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళి, అక్కడి నుంచి పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్ళాం. మాఘ పౌర్ణమికి ఇక్కడ జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. ఆరోజు మేం, కొన్ని ఎర్ర పీతలు, దూరంగా వలలు సర్దుకుంటున్న ఇద్దరు ముగ్గురు మనుషులు.

ఈ ఊరి పేరుకి ఒక కథ ఉంది. అందరి పాపాలు కడిగి కడిగి గంగ నల్లబడిపోయిందట. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి మునిగిందట. ఇక్కడి సంగమంలో మునగగానే తెల్లటి హంస అయ్యిందట. అందుకే హంసలదీవి.

ఇసుకలో నడుస్తూ మావాడు అన్నాడు: "నల్లగా వచ్చి తెల్లగా అవడమంటే, మట్టి వదిలేసి వెళ్ళడమే కదరా?" ఇది మా ఊహ, ఏ పుస్తకంలోనూ చూడలేదు. కానీ బురద నీళ్ళతో వచ్చిన నది ఇక్కడ బరువు దించి, తేరుకుని సముద్రంలోకి వెళ్తుంది. ఆ కథ అల్లినవాళ్ళు రోజూ ఈ నీళ్ళని చూసినవాళ్ళే అయ్యుంటారు.

చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. అవనిగడ్డలో ఆగినప్పుడు వాళ్ళ నాన్నగారి ఫోన్ వచ్చింది. మావాడు చెప్పిన మాటలు ఇవీ: "నాన్నా, ఈ ఒక్క ఏడాదికి ఆగుదాం. నాలుగు మూలల నుంచీ మట్టి తీశాను, పరీక్షకి ఇద్దాం. నేలలో ఉప్పు 4 దాటితే అప్పుడు ఆలోచిద్దాం. చెరువు వైపు గట్టు పక్కన మురుగు బోదె ఒకటి తవ్విద్దాం. నా ఫీజుకి స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెడతాను." ఆ 4 అనేది నేలలో విద్యుత్ వాహకతని కొలిచే అంకె. యూనిట్ డెసీసైమన్ పర్ మీటర్. అది దాటితే చౌడు నేల కింద లెక్క.

అటు నుంచి ఏమన్నారో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేశాక వాడు బండి తాళం నాకిచ్చి, "నువ్వు నడుపు" అన్నాడు. బ్యాగులో నాలుగు మట్టి పొట్లాలు. దారంతా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వెళ్ళేవాళ్ళకి, చదివేవాళ్ళకి

వెళ్తే పొద్దున్నే బయల్దేరండి. మోపిదేవి గుడి, పులిగడ్డ, అవనిగడ్డ దారిలోనే వస్తాయి. మంచినీళ్ళు మీరే తీసుకెళ్ళండి. సంగమం దగ్గర లోతూ లాగుడూ తెలియవు కాబట్టి ఈతకి దిగొద్దు. ప్లాస్టిక్ వదిలి రావద్దు, ఈ తీరంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

చివరగా ఒక చిన్న హోంవర్క్. మీ ఊరి పేరుని ముక్కలు చేసి చూడండి. చివర ఏముంది? లంకా, దిబ్బా, చెరువా, కొండా? ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి అర్థం రాసి క్లబ్బుకి పంపించండి. ఆ పేరులో ఉన్నది ఇప్పుడు ఊళ్ళో ఉందా లేదా, అది కూడా ఒక్క వాక్యంలో రాయండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం. మావాడి మట్టి పరీక్ష రిపోర్టు కూడా అప్పటికి వచ్చేస్తుంది.